ఇంటికి ఎంత హెచ్‌పీ మోటారు కావాలి? బోరు కొలిచి, లెక్క కట్టి కొనే పద్ధతి

అనంతపురంలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మోటారు కొనడానికి నాకు పట్టింది పది నిమిషాలు. "పక్కింటివాళ్లు రెండు హెచ్‌పీ వేశారు, మాకూ అదే ఇవ్వండి" అన్నాను, ఇచ్చారు. డిసెంబరులో దించిన ఆ మోటారు మే నెలలో కాలిపోయింది.

బోరు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్ పుల్లీతో ఒక్కో పైపూ పైకి లాగేసరికి మధ్యాహ్నమైంది. పది అడుగుల పైపులు ముప్పై. చివర్లో బయటికొచ్చిన మోటారును మెకానిక్ గచ్చు మీద పడుకోబెట్టి, షాఫ్టును పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. పంపు విప్పి చూస్తే లోపల నీళ్లను తోసే ప్లాస్టిక్ చక్రాలు (ఇంపెల్లర్లు) వేడికి మెత్తబడి, గిన్నెలకు అతుక్కుపోయి ఉన్నాయి. "మోటారు మంచిదేనన్నా. నీళ్లు తక్కువ, మోటారు ఎక్కువ. నీళ్లు అయిపోయినాక ఉత్తగా తిరిగింది" అన్నాడు.

పెద్ద మోటారు వేస్తే ఎక్కువ నీళ్లు వస్తాయనే అప్పటిదాకా అనుకున్నాను. నీళ్లిచ్చేది బోరు, మోటారు వాటిని పైకి తెస్తుంది, అంతే. ఈ తేడా తెలియకపోవడం వల్లే మన జిల్లాల్లో ఏటా ఎండాకాలం వైండింగ్ షాపుల ముందు మోటార్లు వరసగా పడి ఉంటాయి. ఆ తర్వాత నేర్చుకున్న లెక్కే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కూడికలు, గుణకారాలు వస్తే చాలు, ఎవరైనా చేసుకోవచ్చు. వాడుకలో అందరం అన్నట్టే పంపునూ మోటారునూ కలిపి మోటారు అనే అంటాను.

హెచ్‌పీ ఒక్కటే చెబితే ఎందుకు సరిపోదు

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్ల శక్తి. ఆ శక్తితో తక్కువ నీళ్లను ఎక్కువ ఎత్తుకు లేపవచ్చు, ఎక్కువ నీళ్లను తక్కువ ఎత్తుకు లేపవచ్చు. రెండూ ఎక్కువ కావాలంటే కుదరదు. ఇంటి బోర్లలో వేసే చిన్న పంపుల సామర్థ్యం సుమారు 40 శాతం అనుకుంటే, ఒక హెచ్‌పీ మోటారు 30 మీటర్ల ఎత్తుకు నిమిషానికి 60 లీటర్లు ఇవ్వగలదు. అదే ఒక హెచ్‌పీ 90 మీటర్ల ఎత్తుకైతే 20 లీటర్లే ఇస్తుంది.

ఈ రెండు పనులకూ ఒకే పంపు పనికిరాదు. బోరు నీళ్లలో మునిగి పనిచేసే సబ్‌మర్సిబుల్ పంపులో ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇంపెల్లర్లు ఉంటాయి. ఒక్కో ఇంపెల్లర్, దాని గిన్నె కలిస్తే ఒక స్టేజీ. స్టేజీలు ఎక్కువైతే నీళ్లు ఎక్కువ ఎత్తుకు వెళ్తాయి. అందుకే షాపులో ఒక హెచ్‌పీ మోటార్లే నాలుగైదు రకాలు కనిపిస్తాయి. "ఒక హెచ్‌పీ ఇవ్వండి" అని ఊరుకుంటే ఆ రోజు ఏది స్టాకులో ఉంటే అది చేతికొస్తుంది. మీరు చెప్పాల్సినవి రెండు అంకెలు: నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలి, ఎన్ని మీటర్ల హెడ్ మీద (అంటే ఎంత ఎత్తుకు) కావాలి. హెచ్‌పీ వాటిని బట్టి తేలుతుంది.

1. ఇంటికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి

దీనికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పట్టణాల తాగునీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క వేస్తారు. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. వాకిట్లో కల్లాపికి, చెట్లకు, చుట్టాలొచ్చిన రోజుకు కలిపి వెయ్యి అనుకోండి. పాడి గేదె ఉంటే దాని తాగుడుకూ కడుగుడుకూ ఇంకో వంద పక్కన పెట్టండి. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు రోజుకు ఒకసారి నిండితే చాలు.

అది ఎంత సేపట్లో నిండాలి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. పావుగంటలో నిండాలంటే నిమిషానికి 67 లీటర్లు కావాలి. గంటలో నిండితే చాలనుకుంటే 17 లీటర్లు సరిపోతాయి. రోజుకు గంటసేపు మోటారు ఆడితే నష్టమేమీ లేదు. మన బోర్లకు నెమ్మదిగా తోడడమే మంచిదని కింద లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

2. బోరు నిమిషానికి ఎన్ని నీళ్లు ఇస్తుంది

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

బోరు వేసిన రోజు "ఒకటిన్నర ఇంచు పడింది", "రెండించులు పడ్డాయి" అని అంటారు కదా, ఆ ఇంచులు దేనివో చాలామందికి తెలియదు. అది పైపు సైజు కాదు. బండివాళ్లు బోరు చుట్టూ మట్టికట్ట వేసి, ఒకచోట వీ ఆకారంలో కోసిన రేకు నిలబెడతారు. కంప్రెసర్ గాలికి పైకొచ్చిన నీళ్లు ఆ కోత గుండా బయటికి పారతాయి. కోత అడుగు నుంచి నీళ్లు ఎన్ని ఇంచుల ఎత్తున నిలిచాయో కొలిచి ఆ అంకె చెబుతారు.

కోత సరిగ్గా 90 డిగ్రీలు ఉంటే, ఒక ఇంచు అంటే నిమిషానికి సుమారు 8 లీటర్లు. ఒకటిన్నర ఇంచు అంటే 23 లీటర్లు. రెండించులు అంటే 48 లీటర్లు. మూడించులైతే 130 దాటుతుంది. ఒక ఇంచుకూ రెండించులకూ తేడా రెండింతలు కాదు, ఐదున్నర రెట్లు పైనే. కాబట్టి "ఇంచున్నరో రెండో" అని అంచనాగా చెబితే ఒప్పుకోకండి. దగ్గర నిలబడి స్కేలు పెట్టి చూడండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఈ అంకె కూడా బోరు వేసిన ఆ రోజుది మాత్రమే. వానాకాలం తర్వాత వేసిన బోరు, ఏప్రిల్‌లో వేసిన బోరు ఒకే లెక్క ఇవ్వవు. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కొన్నేళ్లు పడదు. ఇక్కడి నేల అడుగున ఉన్నది గట్టి గ్రానైటు, నైస్ అనే రాయి. నీళ్లు ఉండేది ఆ రాతి పగుళ్లలోనే. బండివాళ్లు "గ్యాప్ తగిలింది" అనేది ఆ పగులు గురించే. పై పగులు ఎండిందంటే బోరు ఇచ్చే నీళ్లు ఒక్కసారిగా సగానికి పడిపోతాయి. కర్నూలు, కడప వైపు చాలాచోట్ల సున్నపురాయి. బేలం గుహలు ఏర్పడిన రాయి అదే. అందులో నీళ్లు సందుల్లో, బొరియల్లో ఉంటాయి కాబట్టి ఇరవై అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లకు పోలికే ఉండకపోవచ్చు. పక్కింటి మోటారు చూసి కొనకూడదు అనేది ఇందుకే.

బోరు పాతదైతే, మోటారు ఇప్పటికే ఉంటే, ఇంకా సులువు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి పైపు అందులోకి వదలండి. నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ఆరు నిమిషాలు పడితే నిమిషానికి 33 లీటర్లు. ఒక్క డ్రమ్ముతో ఆపకండి. గంటసేపు ఆడించి, పది నిమిషాలకోసారి మళ్లీ కొలవండి. మొదట్లో వచ్చేది బోరు గొట్టంలో నిలవ ఉన్న నీరు. ఆ నిలవ అయిపోయాక కూడా ధార నిలకడగా వస్తే, అప్పటి అంకెను నమ్మవచ్చు. మధ్యలో పైపు గాలి కక్కడం మొదలైతే వెంటనే ఆపేయండి. వీలైతే ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో చేయండి.

ఆ నిలవ ఎంత ఉంటుందో కూడా తెలుసుకోండి. మన వైపు మామూలుగా వేసే ఆరున్నర ఇంచుల బోరులో ఒక్కో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్ల నీళ్లు ఉంటాయి. నాలుగున్నర ఇంచుల బోరైతే అడుగుకు మూడు లీటర్లే.

ఇప్పుడు మా మోటారు మే నెలలోనే ఎందుకు కాలిందో చూడండి. బోరు లోతు 400 అడుగులు, మోటారు 300 అడుగుల దగ్గర ఉంది. డిసెంబరులో నీళ్లు 150 అడుగుల దగ్గర ఉన్నాయి. అంటే మోటారు పైన 150 అడుగుల నీరు, సుమారు 975 లీటర్ల నిలవ. బోరు నిమిషానికి 23 లీటర్లు ఇస్తోంది, రెండు హెచ్‌పీ మోటారు 45 లాగుతోంది. ఎక్కువ లాగే ఆ 22 లీటర్లు నిలవ నుంచి వచ్చేవి. నిలవ అయిపోవడానికి 44 నిమిషాలు పట్టాలి, ట్యాంకు 22 నిమిషాల్లోనే నిండేది. కాబట్టి ఏ గొడవా బయటపడలేదు. మే వచ్చేసరికి నీటి మట్టం 250కి దిగింది, ఊట 12 లీటర్లకు తగ్గింది. నిలవ 325 లీటర్లే. మోటారు నిమిషానికి 40 లాగుతుంటే, పన్నెండు నిమిషాల్లో అంతా ఖాళీ. ట్యాంకు ఇంకా సగం కూడా నిండలేదు. నేను ఇంట్లో కూర్చుని ట్యాంకు పొంగే చప్పుడు కోసం చూస్తున్నాను, కింద మోటారు ఉత్తగా తిరుగుతోంది. సబ్‌మర్సిబుల్‌ను చల్లబరిచేదీ, దాని బుష్‌లకు నూనెలా పనిచేసేదీ చుట్టూ ఉన్న నీళ్లే. అవి లేకపోతే ఎంత మంచి కంపెనీ మోటారైనా అంతే.

అదే బోరులో నిమిషానికి 15 లీటర్లు తోడే మోటారు ఉంటే? ఊట 12 పోను నిలవ నుంచి పోయేది మూడు లీటర్లు. గంట దాటి ఆడినా బోరు ఎండదు. ట్యాంకు మెల్లగా నిండుతుంది, మోటారు బతుకుతుంది.

కాబట్టి మోటారు తోడే నీళ్లు బోరు ఇచ్చే నీళ్లకంటే కొంచెం తక్కువే ఉండాలి. మా బోరు 23 ఇచ్చింది కాబట్టి నేను 20 పట్టుకున్నాను. మీ బోరు 130 లీటర్లు ఇస్తున్నా సరే, అంత తోడాల్సిన పని లేదు. ఇంటి అవసరం ఎంతో అంత చాలు.

3. నీటి మట్టం కొలవడం

రెండు మట్టాలు తెలియాలి. మోటారు ఆడనప్పుడు నీళ్లు నిలిచే మట్టం ఒకటి, మోటారు ఆడుతూ ఉన్నప్పుడు దిగి నిలబడే మట్టం ఇంకొకటి. లెక్కకు పనికొచ్చేది రెండోదే.

మోటారు దించకముందైతే సన్నని నైలాన్ తాడుకు చిన్న బరువు కట్టి వదలండి. నీళ్లు తగలగానే తాడు వదులైనట్టు చేతికి తెలుస్తుంది. పైకి లాగి తడిసినచోటు వరకు కొలవండి. మోటారు లోపల ఉన్నప్పుడు మాత్రం ఉత్త తాడు వదలకండి. కేబులుకూ పైపుకూ చుట్టుకుందంటే మొత్తం లాగాల్సి వస్తుంది.

దీనికి మెకానిక్ నాకు ఒక ఉపాయం చెప్పాడు. మోటారు దించేటప్పుడే మెయిన్ పైపుతో పాటు అరంగుళం పైపు ఒకటి మోటారుకు కాస్త పైదాకా దించి కట్టమన్నాడు. దానికయ్యే ఖర్చు తక్కువే. ఆ సన్న పైపులోంచి ఎప్పుడు కావాలన్నా తాడు వదిలి, మోటారు ఆడుతున్నప్పుడు కూడా మట్టం కొలవవచ్చు. ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే మా మొదటి మోటారు దక్కేది.

4. హెడ్ లెక్క

హెడ్ అంటే నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు. మోటారు ఆడేటప్పటి నీటి మట్టం నుంచి ట్యాంకులో నీళ్లు పడే చోటు దాకా నిట్టనిలువు ఎత్తు కొలవాలి, దానికి పైపుల్లో పోయే ఒత్తిడి కలపాలి.

ఇక్కడ షాపుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. "బోరు ఎంత లోతు?" అని అడుగుతారు, 400 అడుగులు అంటే దానికి తగ్గట్టు పెద్ద మోటారు చూపిస్తారు. బోరు లోతుకూ హెడ్‌కూ సంబంధం లేదు. మోటారు దించిన లోతు కూడా హెడ్ కాదు. మోటారు పైన ఉన్న నీళ్లు తమ మట్టం దాకా తామే ఎక్కి ఉంటాయి. మోటారు లేపాల్సింది అక్కడి నుంచే.

మా ఇంటి లెక్క: ఆడేటప్పటి నీటి మట్టం 220 అడుగులు. మిద్దె మీద దిమ్మె కట్టి పెట్టిన ట్యాంకు నోరు నేల నుంచి 35 అడుగులు. మొత్తం 255 అడుగులు. దీన్ని 0.3తో గుణిస్తే 76.5 మీటర్లు వస్తుంది. ఖచ్చితంగా 0.305తో గుణిస్తే 78. పైపుల నష్టం నాలుగు మీటర్లు కలిపితే 82. నేను 85 అని రాసుకున్నాను.

ఎండాకాలపు లెక్క విడిగా వేయాలి. మే నెలలో మట్టం 260 అయితే, 260, 35 కలిపి 295 అడుగులు, అంటే 90 మీటర్లు. నష్టాలతో కలిపి 94. కాబట్టి నాకు కావాల్సింది 85 మీటర్ల దగ్గర బాగా ఆడి, 94 దగ్గర కూడా కొన్ని నీళ్లైనా పైకి తేగల మోటారు.

5. పైపు

పైపు సన్నదైతే నీళ్లు ఒరుసుకుంటూ పోయి, మోటారు శక్తి దారిలోనే ఖర్చవుతుంది. నిమిషానికి 40 లీటర్లు పారుతుంటే వంద మీటర్ల ఇంచు పైపులో సుమారు 8 మీటర్ల హెడ్ పోతుంది. అదే ఒకటింబావు ఇంచు పైపులో రెండున్నర మీటర్లే పోతుంది. ముప్పావు ఇంచు పైపు వేస్తే 25 మీటర్ల దాకా పోతుంది, అంటే ఇంకో ఎనిమిది అంతస్తులు ఎక్కించినంత. నీళ్లు సగమైతే ఈ నష్టం పావు వంతుకు దిగుతుంది. నిమిషానికి 20 లీటర్లకు ఇంచు పైపైనా నష్టం లేదు.

పంపు నోరు ఎంత ఉంటే పైపు అంత ఉండాలి, మధ్యలో రెడ్యూసర్లు పెట్టి సన్నం చేయకూడదు. సున్నపురాయి ప్రాంతాల్లో నీళ్లు ఎంత ఉప్పుగా, గట్టిగా ఉంటాయో కడప, కర్నూలువాళ్లకు చెప్పక్కర్లేదు. పైపు లోపల తెల్లటి పెచ్చు కట్టి ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతుంది. వాళ్లు ఒక సైజు పెద్దది వేసుకోవడం మేలు.

6. కంపెనీ పట్టిక చదవడం

ఇప్పుడు షాపుకు వెళ్లండి. మోటారు చూపించమనే ముందు దాని పట్టిక చూపించమనండి. ప్రతి మోడల్‌కూ ఎన్ని మీటర్ల హెడ్‌కు నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో కంపెనీవాళ్లు అచ్చు వేసి ఇస్తారు. ఉదాహరణకు ఒక హెచ్‌పీ మోటారు పట్టిక ఇలా ఉందనుకుందాం: 50 మీటర్లకు 38 లీటర్లు, 70కి 29, 85కి 21, 100కి 9. మా లెక్కకు ఇది అతికినట్టు సరిపోతుంది. 85 దగ్గర 21 లీటర్లు ఇస్తుంది. ఎండాకాలం 94కు పోతే దాదాపు 14 ఇస్తుంది. మట్టం దిగేకొద్దీ తోడడం దానంతటదే తగ్గుతుంది, బోరుకు అది మంచిదే.

నేను మొదట అడిగి కొన్నది రెండు హెచ్‌పీ. ఒక హెచ్‌పీ సరిపోయే చోట రెండు పెడితే కరెంటు కూడా గంటకు ఒక యూనిట్ పోయే చోట రెండు పోతాయి.

పట్టికలో మీ హెడ్ మొదటి గడిలోనో చివరి గడిలోనో పడకూడదు, మధ్యలో పడాలి. చివర్లో పడితే ఎండాకాలం కాస్త మట్టం దిగగానే మోటారు తిరుగుతుంది కానీ నీళ్లు ట్యాంకు దాకా ఎక్కవు. కదలని నీళ్లలో మోటారు వేడెక్కుతుంది. మరీ మొదట్లో పడితే, అంటే 100 మీటర్ల మోటారును 30 మీటర్లకు వాడితే, అది అవసరానికి మించి నీళ్లు తోసి, ఎక్కువ ఆంపియర్లు లాగి ఓవర్‌లోడ్ అవుతుంది. "హెడ్ ఎక్కువున్నది తీసుకోండి సార్, ఎప్పుడైనా పనికొస్తుంది" అనే సలహా ఇందుకే తప్పు.

మోటారు మీది నేమ్‌ప్లేటులో హెడ్ రేంజి, డిశ్చార్జి (నిమిషానికి ఇచ్చే నీళ్లు), స్టేజీలు, వోల్టేజి, ఆంపియర్లు ఉంటాయి. సబ్‌మర్సిబుల్ అయితే ఐఎస్ 8034, నేల మీద పెట్టే మోనోబ్లాక్ అయితే ఐఎస్ 9079 అనే నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి. వీ4 అంటే నాలుగించుల బోరులో కూడా దిగే పంపు. ఇళ్లకు మామూలుగా అదే. బోరులో ఇసుక వస్తుంటే ఆ మాట షాపులో ముందే చెప్పండి, ఇసుకకు తట్టుకునే ఇంపెల్లర్లు వేరే ఉంటాయి.

బోరు మరీ సన్నదై, నీళ్లు చాలా తక్కువైతే కొందరు గాలి కొట్టి నీళ్లను పైకి నెట్టే కంప్రెసర్ మోటారు పెట్టుకుంటారు. అది ఎండిపోయినా కాలదు, ఇసుకకూ భయపడదు. కానీ అదే కరెంటుకు సబ్‌మర్సిబుల్ కంటే చాలా తక్కువ నీళ్లు ఇస్తుంది. వేరే దారి లేనప్పుడు మాత్రమే దాని జోలికి వెళ్లండి.

సంపు నుంచి ఎక్కించుకునేవాళ్లకు

కర్నూలులో సుంకేసుల నీళ్లు, అనంతపురంలో పెన్నహోబిలం రిజర్వాయరు నీళ్లు కుళాయిలో వస్తే సంపులో పట్టుకునే ఇళ్లకు లెక్క చాలా చిన్నది. సంపు లోతు ఆరడుగులు, ట్యాంకు ఎత్తు 35, మొత్తం 41 అడుగులు, పన్నెండున్నర మీటర్లు. పైపు నష్టం కలిపి 16. దీనికి అర హెచ్‌పీ మోనోబ్లాక్ చాలు, వెయ్యి లీటర్లు ముప్పావుగంట లోపల నిండుతాయి. మూడంతస్తులు దాటితే ఒక హెచ్‌పీ చూడండి.

పైన పెట్టే మోనోబ్లాక్ నీళ్లను పీల్చుకోవాలి. లెక్క ప్రకారం గాలి ఒత్తిడి పది మీటర్ల దాకా లేపుతుంది కానీ, ఆచరణలో ఏడు మీటర్లు దాటితే కష్టం. కాబట్టి మోటారును సంపుకు వీలైనంత దగ్గరగా, తక్కువ ఎత్తులో బిగించండి. మళ్లీ మళ్లీ నీళ్లు పోసి ప్రైమింగ్ చేయాల్సి వస్తోందంటే సాధారణంగా పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుందనో, పీల్చే పైపు జాయింటులో గాలి దూరుతోందనో అర్థం. సంపులోనే మునిగి ఉండే ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్ అయితే ఈ టెన్షన్ ఉండదు, చప్పుడూ తక్కువ. కుళాయి లైనుకే నేరుగా మోటారు తగిలించడం మాత్రం చేయకండి. అది చివరి ఇళ్లవాళ్ల నీళ్లు లాక్కోవడమే. పైగా పైపు లీకుల్లోంచి మురుగు కూడా లోపలికి పీల్చుకుంటుంది.

7. కరెంటు, కేబులు

సైజు సరిగ్గా ఎంచుకున్నా మోటారు లేవకపోవడానికి ఎక్కువసార్లు కారణం వోల్టేజి. మోటారు తిరగడం మొదలుపెట్టే బలం వోల్టేజి వర్గాన్ని (స్క్వేరును) బట్టి ఉంటుంది. 230 బదులు 180 వోల్టులు వస్తే ఆ బలం 61 శాతానికి పడిపోతుంది. లేవలేక మూలుగుతూ వేడెక్కుతుంది. ఎండాకాలం సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజి ఎంత ఉంటుందో స్టార్టర్ డబ్బాలోని మీటరు చూసి తెలుసుకోండి. తక్కువుంటే తెల్లవారుజామున వేసుకోవడం నయం.

కేబులులో కూడా వోల్టేజి పోతుంది. ఒక హెచ్‌పీ మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. వంద మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే దాదాపు 19 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 కేబులైతే 12, 4 అయితే 7. మూడు వందల అడుగుల లోతుకు 2.5కు తగ్గకండి. కేబులు దగ్గర మిగిల్చిన డబ్బు ఒక్క రీవైండింగ్‌కు పోతుంది. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క తీసుకోండి. తప్పనిసరిగా అతుకు వేస్తే, టేపు చుట్టి వదిలేయకుండా నీళ్లు చొరబడని జాయింటు కిట్టు వాడమనండి.

స్టార్టర్ డబ్బాతో పాటు డ్రై రన్ ప్రివెంటర్ పెట్టించుకోండి. నీళ్లు అయిపోగానే మోటారు లాగే ఆంపియర్లు తగ్గుతాయి. అది గమనించి తానే ఆపేస్తుంది. మన జిల్లాల్లో బోరున్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం.

8. దించే రోజు

దగ్గరుండి చూసుకోండి. వాటర్‌ఫిల్డ్ మోటారైతే లోపల మంచినీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగి, అప్పుడు దించాలి. తొందరలో ఇది మర్చిపోయేవాళ్లు ఉన్నారు. మోటారు బోరు అడుగుకు ఆనకూడదు, కనీసం ఇరవై అడుగులు పైన ఉండాలి. లేకపోతే అడుగు బురదలో కూరుకుపోతుంది. పైపు తెగితే పట్టుకోవడానికి తాడు విడిగా కట్టించండి. కేబులును పది అడుగులకోసారి పైపుకు కట్టాలి. వదులుగా ఉంటే రాయికి ఒరుసుకుని తొక్క ఊడుతుంది. పంపు పైన నాన్ రిటర్న్ వాల్వు ఉందో లేదో చూడండి. అది లేకపోతే మోటారు ఆపగానే పైపులోని నీళ్లన్నీ వెనక్కి పడి పంపును ఎదురు తిప్పుతాయి. ఆ క్షణంలో మళ్లీ స్విచ్ వేస్తే షాఫ్టు విరగవచ్చు.

కొత్త బోరే వేయించాలనుకుంటే ముందు అనుమతి తీసుకోవాలి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అది తప్పనిసరి.

మోటారు ఆడిన మొదటి రోజే స్టార్టర్ డబ్బా మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి ఇవి రాసి పెట్టండి: దించిన తేదీ, మోటారు లోతు, పైపులు ఎన్ని, స్టేజీలు ఎన్ని, ఆ రోజు నీటి మట్టం, వోల్టేజి, ఆంపియర్లు, ట్యాంకు నిండడానికి పట్టిన నిమిషాలు. ఆ తర్వాత నెలకోసారి ఆంపియర్లు, నిమిషాలు మాత్రం రాస్తే చాలు. ఆంపియర్లు తగ్గి నిమిషాలు పెరుగుతుంటే బోరులో మట్టం దిగుతోంది, మోటారు ఆడే సమయం తగ్గించి రోజుకు రెండు విడతలు చేయండి. ఆంపియర్లు పెరిగితే వోల్టేజి తగ్గిందా చూడండి. అది సరిగ్గానే ఉంటే పంపులో ఇసుకో, అరిగిన బుష్‌లో ఇబ్బంది పెడుతున్నాయి, కాలిపోకముందే పైకి తీయించండి. ఆంపియర్లు మామూలుగా ఉండి నిమిషాలు మాత్రం పెరిగితే మోటారును అనుమానించకముందు పైపు జాయింటు ఎక్కడైనా కారుతోందేమో చూడండి. బోరు మూత తీసి చెవి పెడితే లోపల నీళ్లు గోడకు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది.